ఓడ కోసం నిలబడ్డ రోజుల నుంచి ఆర్డర్ కోసం నిలబడ్డ రాత్రుల దాకా

సాయంత్రం ఏడు దాటాక విశాఖ గాజువాకలో బిర్యానీ హోటళ్ల ముందు బళ్లు వరసగా ఆగి ఉంటాయి. హ్యాండిల్‌కి బిగించిన ఫోన్ల మీదే డెలివరీ కుర్రాళ్లందరి చూపు. ఆర్డర్ పడితే నాలుగు రాళ్లు వస్తాయి. పడకపోతే గంటసేపు నిలబడ్డా రూపాయి రాదు. దీన్ని కొత్త తరం పని అంటున్నారు గానీ, రేవు పట్టణానికి ఇది పాత కథే.

విశాఖ పోర్టు 1933లో మొదలైంది. ఆ కాలంలో రేవుల్లో ఓడ వస్తేనే పని, లేకపోతే పస్తు. పొద్దున్నే మేస్త్రీ ఎవరిని పిలిస్తే వాళ్లకే ఆ పూట కూలి. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చాకే ఈ పద్ధతి మారడం మొదలైంది. తర్వాత విశాఖలోనూ డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది. కలాసీల (రేవు కూలీల) పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కాయి. డ్యూటీకి వచ్చి పని దొరక్క వెనక్కి వెళ్లినా హాజరు భత్యం ఇవ్వాలన్న ఏర్పాటు జరిగింది. ఇది ఎంత పెద్ద మార్పో ఇవాళ మనం మర్చిపోయాం.

తర్వాత ఉక్కు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో ఇందిరా గాంధీ ప్రకటన చేస్తే, 1992లో ప్లాంటు జాతికి అంకితమైంది. ‘స్టీల్ ప్లాంటులో పర్మనెంట్’ అంటే పెళ్లి సంబంధానికి ఇంకో ఎంక్వైరీ అక్కర్లేని రోజులవి. భూములిచ్చి, ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం చూస్తూ ముసలివాళ్లయిపోయిన నిర్వాసితుల సంగతి కూడా ఇందులో భాగమే.

పర్మనెంట్ పక్కనే కాంట్రాక్టు పెరిగింది. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన ఆ కార్మికులు ఆటోమేటిక్‌గా పర్మనెంట్ అయిపోరని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకే షెడ్డులో ఒకే పనికి రెండు రకాల జీతాలు మామూలైపోయాయి. 2021 జనవరిలో ప్లాంటు అమ్మకానికి కేంద్రం ఆమోదం తెలిపినప్పుడు, కార్మికులు కూర్మన్నపాలెంలో శిబిరం వేసి కూర్చున్నారు. కూర్చోవడానికి వాళ్లకొక గేటు ఉంది.

గాజువాక కుర్రాడికి అదీ లేదు. ఐడీ బ్లాక్ అయితే వెళ్లి ఎవరిని అడగాలి? యాప్‌లో కంప్లయింట్ పెట్టి కూర్చోవడమే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఇలా యాప్‌ల మీద ఆర్డర్‌కి ఇంత అని పనిచేసే గిగ్ కార్మికులను చట్టంలో గుర్తించింది. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల సంక్షేమానికి జమ చేయాలి. మంచిదే. కానీ హోటల్ ముందు ఖాళీగా నిలబడ్డ ఆ గంటకు ఈ కోడ్ పైసా ఇప్పించదు. రేవు కలాసీకి ఆ హక్కు 1948 చట్టం కింద వచ్చిన ఏర్పాట్లతో ఎప్పుడో దక్కింది.