పంది పిల్లకు పులిసిన కుడితి

పంది పిల్లకు అసలు గండం పాలు మాన్పించిన మొదటి వారం. తల్లి దగ్గరే వదిలేస్తే మూడు నాలుగు నెలలకు మెల్లగా మానుకునే పాలు, ఫారాల్లో నాలుగైదు వారాలకే ఒక్కరోజులో ఆగిపోతాయి. గంటకోసారి వెచ్చని పాలు తాగిన పిల్ల ముందు పొడి దాణా, పక్కన నీళ్లు పెడతాం. చాలా పిల్లలు ఒక రోజంతా మూతే పెట్టవు.

ఆ పస్తే పేగును దెబ్బతీస్తుంది. చిన్న పేగు లోపలి గోడ మీద ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు రెండు మూడు రోజుల్లోనే కురచబారతాయి. తర్వాత తిన్నదీ సరిగ్గా అరగదు. అరగని దాణా ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకు మేతవుతుంది, పిల్ల పారుకోవడం మొదలెడుతుంది.

పైగా కడుపులో యాసిడ్ చాలదు. పాలు తాగినన్నాళ్లూ పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను మంచి బ్యాక్టీరియా పులియబెట్టి ఆ లోటు తీర్చేది. పాలు ఆగాక ఆ పులుపూ పోతుంది. సొంత యాసిడ్ సరిపడా ఊరడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

ఆ పులుపును బయటినుంచి అందించేదే పులిసిన కుడితి. ఆకలి, దాహం రెండూ ఒక్క తొట్టెలోనే తీరతాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తరవాణి (పులిసిన గంజి) కుండ పెట్టినవాళ్లకు దీని పద్ధతి కొత్తేమీ కాదు: కుండ పూర్తిగా ఖాళీ చేయకుండా, అడుగున కొంత ఉంచి కొత్త గంజి పోయడమే. ఇక్కడ గంజి బదులు నూక పిండి, చోడి (రాగి) పిండి. ఒక వంతు పిండికి సుమారు రెండున్నర వంతుల నీళ్లు. బాగా పులిసిన కుడితి మూత తీస్తే పుల్ల పెరుగు వాసన వస్తుంది, సన్నని బుడగలు లేస్తుంటాయి. పులుపును కొలిచే పీహెచ్ కాగితం ముంచితే 4 దగ్గర చూపిస్తుంది; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. కుళ్లు వాసన వస్తే మొత్తం పారబోయాల్సిందే.

తొందరపడితే మాత్రం ముప్పు. మొదటిసారి కలిపినప్పుడు పులుపు ఎక్కేలోపు పిండిలో ఉన్న చెడ్డ బ్యాక్టీరియానే ముందు విజృంభిస్తుంది. సగం పులిసిన కుడితి పెట్టడం కంటే పొడి దాణాయే మేలు. పీహెచ్ 4.5 కంటే దిగాకే తొట్టెలో పోయాలి. ఇంకోటి, గింజ పిండిని మాత్రమే పులియబెట్టాలి. దాణాలో విడిగా కలిపే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ముందే వేస్తే సూక్ష్మజీవులే దాన్ని పాడుచేస్తాయి. అది పెట్టేముందు కలుపుకోవాలి.

దీనివల్ల పిల్లల బరువు ఎంత పెరుగుతుందన్నది ఒక్కో పరిశోధనలో ఒక్కోలా వచ్చింది. పేగులో ఈ.కోలై జాతి బ్యాక్టీరియా తగ్గడం మాత్రం చాలాచోట్ల కనబడింది. నాకు ముఖ్యమనిపించేది అదే. యూరోపియన్ యూనియన్ పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని 2006లో, పారుడుకు మందు మోతాదులో వాడే జింక్ ఆక్సైడ్‌ను 2022లో ఆపేసింది. మన దేశం 2019లో ఆహారానికి పెంచే జంతువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. ఇలాంటి మందులు ఎక్కువగా వాడితే వాటికి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి, వాటి అవసరం తగ్గించే దారి ఏదైనా మన ఆరోగ్యానికీ మంచిదే.

అప్పటికే పారుకుని కళ్లు గుంటలు పడ్డ పిల్లకు కుడితి వైద్యం కాదు. దానికి వెంటనే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు, వెచ్చని చోటు, పశువుల డాక్టరు కావాలి. విజయనగరం వైపు వాళ్లకు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.