మేడ మీది సోలార్, గోడకున్న మీటరు

వరంగల్, కరీంనగర్ కాలనీల్లో సోలార్ పెట్టించాలనుకున్న ఇళ్లను చాలాకాలం ఆపింది పలకల ధర ఒక్కటే కాదు, మీటరు కూడా. జాతీయ సోలార్ మిషన్ 2010లో మొదలైంది. మేడ మీద పుట్టిన కరెంటును లైన్లోకి పంపితే బిల్లులో ఎట్లా తగ్గించాలో తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి 2016 నెట్ మీటరింగ్ నిబంధనల్లో తేల్చింది.

కేంద్రం రూఫ్‌టాప్ సోలార్ పథకం 2019 నాటి రెండో దశలో 3 కిలోవాట్ల దాకా 40 శాతం సబ్సిడీ ఉండేది, కానీ అది పలకలు బిగించే ఏజెన్సీ ద్వారా సర్దుబాటయ్యేది. 2022లో దరఖాస్తులకు జాతీయ పోర్టల్ వచ్చాక ఇంటి యజమాని ఖాతాకు మళ్లింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2కు 60 వేలు, 3 నుంచి పైన ఎంతైనా 78 వేలే. 10 కిలోవాట్ల దాకా దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదన్న కేంద్ర నిబంధనల సవరణా అదే నెలది.

విచిత్రంగా, నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటిచ్చే రాష్ట్ర పథకం గృహజ్యోతి కూడా ఆ నెలాఖరులోనే మొదలైంది. జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్‌తో మిగిలేదేమీ లేదు. ఆ పరిమితి దాటి బిల్లు కట్టేవాళ్లకే లెక్క కుదురుతుంది. 3 కిలోవాట్లకు నీడ పడని చోటు సుమారు 320 చదరపు అడుగులు కావాలి. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. కరెంటు సర్వీసు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే ముందు దాన్ని మార్పించుకోవాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు ఒకే పేరుతో ఉండాలి. సబ్సిడీ కావాలంటే పలకలు, వాటిలోని సెల్స్ రెండూ దేశంలో తయారైనవే కావాలి. చవక కొటేషన్లలో తేడా తరచూ అక్కడే ఉంటుంది, కాబట్టి బిల్లు మీద రాయించుకోవాలి. ఎర్తింగ్ గుంతలు మూడు: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి వేరువేరుగా.

వచ్చే కరెంటును, బయటికి పోయే కరెంటును విడివిడిగా లెక్కించే నెట్ మీటరు బిగించకముందే సోలార్ స్విచ్ వేయొద్దు. మామూలు డిజిటల్ మీటర్లు చాలావరకు బయటికి పోయే కరెంటును కూడా వాడకం కిందే లెక్కేస్తాయి, బిల్లు పెరుగుతుంది. మధ్యాహ్నం లైన్లో వోల్టేజీ ఎక్కువై, పలకల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టరు ఆగిపోతుంటే పలకలది తప్పు కాదు, కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఫిర్యాదు చేయాలి. లైన్లో కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగుతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. కోతల్లోనూ వెలగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు తీసుకోవాలి, ఆ అదనపు ఖర్చుకు సబ్సిడీ రాదు.