బార్‌కోడ్ కొట్టడమే నా ఉద్యోగం కాదు: స్కూల్ లైబ్రరీపై అపోహలు, వాస్తవాలు

బెజవాడలో ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. పేరెంట్స్ మీటింగ్ రోజు ఎవరో ఒకరు తలుపు దగ్గరే నిలబడి అడుగుతారు: "అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా మేడమ్, ఇంకా ఇక్కడికి ఎవరైనా వస్తున్నారా?"

అపోహ: సాఫ్ట్‌వేర్ వచ్చాక లైబ్రేరియన్‌కి పనేముంటుంది?

ఇష్యూ, రిటర్న్ పని తగ్గిన మాట నిజమే. డేట్ స్టాంపు కొట్టీ కొట్టీ వేళ్లకు అంటే సిరా ఇప్పుడు లేదు, దానికి నాకేం బెంగ లేదు. కానీ కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది గానీ కేటలాగ్ దొరకదు. మా పాత ఎంట్రీల్లో తెలుగు పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండేవి. 'కథలు' అనే మాటను ఒకరు టి-హెచ్‌తో కొట్టారు, ఇంకొకరు డి-హెచ్‌తో. పిల్లాడు తెలుగులో వెతికితే ఏదీ రాదు. పుస్తకం వాడి మోచేతి పక్కనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం లేదంటుంది. అవన్నీ తెలుగులోకి మార్చడానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టింది.

అపోహ: పీడీఎఫ్‌లు గ్రూపులో పెడితే అదే డిజిటల్ లైబ్రరీ.

ఈ మాట మా స్టాఫ్‌రూమ్‌లోనే విన్నాను! మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. హక్కులున్న పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడం తప్పు. అందరూ చదువుకోవడానికి పెట్టినవి వేరే ఉన్నాయి: స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలున్నాయి, తెలుగు వికీసోర్స్ ఉంది, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. వీటిలోంచి మూడో తరగతికి ఏది, పదో తరగతికి ఏది అని ఏరడానికే నా సాయంత్రాలు సరిపోతున్నాయి.

అపోహ: ఈ కాలం పిల్లలకు టెక్నాలజీ మనం నేర్పాలా?

రీల్ ఎడిటింగ్ నాకు నేర్పింది ఎనిమిదో తరగతి అమ్మాయే, ఒప్పుకుంటాను. కానీ తొమ్మిదో తరగతి కుర్రాడొకడు గ్రంథాలయోద్యమం మీద ప్రాజెక్టు చేస్తూ ఏఐ ఇచ్చిన ఐదు పుస్తకాల లిస్టు తెచ్చాడు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది మన ఊళ్లోనే. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర వైపు కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు. కాబట్టి పుస్తకాలు ఉండే ఉంటాయని నేనూ నమ్మి అరగంట వెతికాను. మూడు దొరకలేదు.

అప్పుడు లిస్టులోని ఐఎస్‌బీఎన్ నంబర్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) ఒకటి బోర్డు మీద రాశాం. దానిలో 13 అంకెలుంటాయి. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో అలా చివరిదాకా హెచ్చవేసి అన్నీ కూడితే, వచ్చిన మొత్తాన్ని 10తో భాగిస్తే శేషం మిగలకూడదు. వాడే కూడాడు. 107 వచ్చింది.

"అంటే నంబర్ కూడా కల్పించేసిందా మేడమ్?" అన్నాడు. లెక్క కుదిరినంత మాత్రాన పుస్తకం ఉన్నట్టు కాదని కూడా చెప్పి, మన ఊళ్లోనే ఉన్న 1911 నాటి రామమోహన గ్రంథాలయానికి వెళ్లి అడిగి చూడమన్నాను.

అప్పటినుంచి లైబ్రరీ పీరియడ్ వస్తే చాలు, కొత్త పుస్తకాల అట్టలు తిప్పి లెక్కలేస్తున్నాడు. పోయిన వారం ఎంట్రీలో నేను ఒక అంకె తప్పు కొట్టానని పట్టుకున్నాడు.