కుక్క వినేది మాటనా, మనిషినా?

“మా కుక్కకి అన్నీ అర్థమవుతాయి, మాట రాదంతే.” కుక్కను పెంచేవాళ్ళు తరచూ అనే మాట ఇది. శాస్త్రజ్ఞులు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోరు. అందుకు కారణం ఒక గుర్రం. నూరేళ్ళకు పైగా కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసి, గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు గుట్టు విప్పాడు. దానికి లెక్కలు రావు. సరైన అంకె దగ్గరపడగానే అడిగినవాడి ఒంట్లో వచ్చే సన్నని కదలికను పసిగట్టి కాలు ఆపేసేది. నన్నడిగితే లెక్కల కంటే అదే గొప్ప విద్య!

జర్మనీలో రికో అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి 200కు పైగా వస్తువుల పేర్లు తెలుసన్నప్పుడు, పరీక్షకులు వాటిని పక్కగదిలో పెట్టింది అందుకే. అక్కడ సైగ చేసే మనిషి ఉండడు. అయినా రికో అడిగినవి తెచ్చింది. తర్వాత దానికి తెలిసిన వస్తువుల మధ్య ఒక కొత్తది పెట్టి, ఎప్పుడూ వినని పేరు చెప్పారు. ఎక్కువసార్లు ఆ కొత్తదే తెచ్చింది. మిగతావాటికి పేర్లున్నాయి కాబట్టి ఈ పేరు దీనిదే అయ్యుండాలి. పసిపిల్లలు మాటలు నేర్చేటప్పుడు చేసే ఊహే ఇది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. 2011లో అమెరికాలోని చేజర్ అనే కుక్క 1022 పేర్లతో రికోను దాటేసింది.

కానీ ఇవి అరుదైన కుక్కలు. మామూలు కుక్కలకు నెలల తరబడి నేర్పినా బొమ్మల పేర్లు దాదాపు పట్టుబడవు. 2020లో హంగరీ రాజధాని బుడాపెస్ట్ పరిశోధకులు కుక్కల తలకు మెదడు సంకేతాలను పట్టే ఎలక్ట్రోడ్లు అంటించి మాటలు వినిపించారు. తెలిసిన ఆజ్ఞకూ, అందులో ఒక్క ధ్వని మార్చిన అర్థంలేని మాటకూ మెదడు స్పందనలో తేడా కనిపించలేదు. మన భాషలో చెప్పాలంటే ‘కూర్చో’ అన్నా ‘కార్చో’ అన్నా ఒకటే. పూర్తిగా వేరైన శబ్దాన్ని మాత్రం గుర్తుపట్టాయి.

దీన్నిబట్టి కుక్కకు మాటంటే ఉత్త చప్పుడనుకుంటే తొందరపాటే. 2024లో అదే నగరంలో ఇంకో ప్రయోగం జరిగింది. యజమాని ఒక వస్తువు పేరు చెప్పి మరో వస్తువు చూపించినప్పుడు కుక్కల మెదడు సంకేతాలు మారాయి. అంటే పేరు వినగానే ఆ వస్తువు వాటి మనసులో మెదిలిందన్నమాట. ‘తే’ అంటే పరుగెత్తడం కంటే ఇది లోతైన సంగతి.

మాటల్లో ఇంత తడబడే జంతువు మనిషిని చదవడంలో మాత్రం దిట్ట. మనం వేలు చూపిన గిన్నెలో తిండి ఉందని చింపాంజీల కంటే బాగా గ్రహిస్తుంది. 2021లో 375 కుక్కపిల్లలను పరీక్షిస్తే ఎనిమిది వారాల వయసుకే ఈ నేర్పు కనిపించింది. వాటి మధ్య తేడాల్లో 40 శాతానికి పైగా జన్యువుల వల్లే.

‘తప్పు చేసిన మొహం’ సంగతీ ఇలాంటిదే. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు కుక్కలకు తినవద్దన్న తిండి దగ్గర పరీక్ష పెట్టి, తినని కుక్కలను కూడా తిన్నాయని కొందరు యజమానులకు చెప్పింది. కుక్కలు ఆ మొహం పెట్టింది తిన్నందుకు కాదు, తిట్లు పడ్డందుకు. పైగా ఏమీ తినకుండానే తిట్లు తిన్నవే ఆ మొహం ఇంకాస్త ఎక్కువగా పెట్టాయి.