పాత కంప్యూటర్‌కి ర్యామ్ వేసేముందు: బుజ్జమ్మకీ చిన్నోడికీ పెదనాన్న ఉత్తరం

బుజ్జమ్మకీ, చిన్నోడికీ,

ఆ డెస్క్‌టాప్ తీసి పారేద్దాం అని మీ నాన్న అంటన్నాడు, క్లాసు వీడియో పెట్టి పక్కన ఒక పీడీఎఫ్ తెరిస్తే చాలు మౌస్ బాణం కూడా కదలటం లేదట. పారేయొద్దు అని చెప్పాను. అది 2012లో కొన్న మిషను, ఐ3 రెండో జనరేషన్ ప్రాసెసరు, అన్నీ బిగించే మదర్‌బోర్డు హెచ్61 రకం, లోపల ఒకే ఒక్క 2 జీబీ ర్యామ్. కొన్నప్పుడు అది చాలేది, ఇప్పుడు బ్రౌజర్ ఒక్కటే అంతా తినేస్తాది. ప్రాసెసర్‌కి ఏమీ అవలేదు, దానికి పని చేసుకోడానికి చోటు లేదు, అంతే. కానీ కొట్టుకి పరిగెట్టి ఏదో ఒకటి తెచ్చీకండి. ముందు చూడాలి, తర్వాత కొనాలి. ఏటేటి చూడాలో రాస్తన్నాను, పొడుగైనా మొత్తం చదవండి.

మీ వంటింట్లో గట్టు ఉంది, పైన అటక ఉంది కదా. ర్యామ్ గట్టు, హార్డ్ డిస్క్ అటక. వంటకి కావాల్సినవి గట్టు మీద ఉంటే అమ్మ పని చకచకా అయిపోతాది, గట్టు చిన్నదైతే ఒక గిన్నె దించడానికి ఇంకోటి అటకెక్కించాలి, నిచ్చెనెక్కడం దిగడంతోనే పొద్దు పోతాది. విండోస్ చేసేదీ అదే, ర్యామ్ నిండిపోయినాక అప్పటికి వాడనిదాన్ని హార్డ్ డిస్క్‌లో పేజ్ ఫైల్ అనే చోటులోకి తోసీసి, మళ్లీ కావాల్సొస్తే వెనక్కి తెస్తాది. తిరిగే హార్డ్ డిస్క్ ర్యామ్ కంటే వేల రెట్లు నిదానం. క్యాబినెట్ ముందు చిన్న లైటు ఆగకుండా కొట్టుకుంటా ఉంటే లోపల ఈ ఎక్కడం దిగడమే జరుగుతోందని అర్థం.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైంది కాబట్టి చెప్పకుండా ఉండలేను. ర్యామ్‌లో ఒక్కో బిట్‌కి, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే గడికి, ఒక బుల్లి కెపాసిటర్, ఒక ట్రాన్సిస్టర్ ఉంటాయి. కెపాసిటర్‌లో ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇంత సింపుల్‌గా చెయ్యొచ్చని 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుకి తట్టింది, 1968లో పేటెంట్ వచ్చింది. 4 జీబీ ర్యామ్ ఒకటి చేతిలో పట్టుకున్నారంటే అందులో 3,400 కోట్ల పైచిలుకు కెపాసిటర్లు ఉన్నట్టు, కావాలంటే లెక్క కట్టుకోండి, 4 జీబీ అంటే 4,29,49,67,296 బైట్లు, బైటుకి 8 బిట్లు. ఆ ఛార్జి నిలవదు, కారిపోతా ఉంటాది, అందుకని ప్రతి 64 మిల్లీసెకండ్ల లోపల మొత్తాన్నీ ఒకసారి చదివి మళ్లీ నింపాలి, అంటే సెకనుకి 15 సార్లకి పైనే. అందుకే కరెంటు పోతే సేవ్ చెయ్యనిదంతా పోతాది. మన జిల్లాల్లో గాలీ వానా వస్తే కరెంటు ఎలగుంటాదో మీకు తెలుసు కదా, హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లు చూసినోళ్లం. కొత్త ర్యామ్ వేసినా సరే, రాస్తన్నప్పుడు మధ్యమధ్యలో సేవ్ కొట్టడం అలవాటు చేసుకోండి.

సరే, ఇప్పుడు చూడాల్సినవి. రోజూ వాడేవన్నీ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తాది, అందులో పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. 90 శాతం దాటి అక్కడే అతుక్కుపోయి ఉంటే ర్యామ్ వెయ్యాల్సిందే. సగమే వాడుతూ కూడా మిషను నిదానంగా ఉందంటే ర్యామ్ వేసినా డబ్బు దండగ, అప్పుడు హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ అనే, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ వేసుకోవడం మేలు. అక్కడే కింద ర్యామ్ గుచ్చే స్లాట్లు ఎన్నున్నాయో, ఎన్ని వాడుతున్నారో, స్పీడ్ ఎంతో కూడా రాసుంటాది, నోట్‌బుక్‌లో రాసుకోండి. మీది హెచ్61 కాబట్టి రెండే స్లాట్లు, ఒక్కోదానికి 8 చొప్పున 16 జీబీ దాకా పడతాది.

తర్వాతది చాలామంది చూడరు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్‌లోకి వెళ్లి విండోస్ 32 బిట్టో 64 బిట్టో చూడండి. మీది 32 బిట్ అని నా అనుమానం, ఎందుకంటే 2 జీబీ మిషన్లకి అదే ఎక్కించేవారు. 32 బిట్ అంటే ర్యామ్‌లో ఒక్కో బైటు ఎక్కడుందో అడ్రసు రాయడానికి 32 గళ్లు, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ, అంటే రెండుని 32 సార్లు వేసి గుణించండి, సరిగ్గా ఆ పైన రాసిన 4 జీబీ సంఖ్యే వస్తాది. దాన్ని మించిన ర్యామ్‌కి అడ్రసే ఉండదు. అందులోనూ కొంత గ్రాఫిక్స్ లాంటివాటికి పోయి మూడూ మూడున్నర జీబీ మాత్రమే చేతికొస్తాది. 8 జీబీ కొని 32 బిట్ విండోస్ అలాగే ఉంచితే సగానికి పైగా ఊరికే కూచుంటాది. ప్రాసెసర్ 64 బిట్టే కాబట్టి 64 బిట్ సిస్టమ్ ఎక్కించుకోవచ్చు, కాకపోతే ఉన్నదాని మీదే మార్చడం కుదరదు, మొత్తం కొత్తగా ఎక్కించాలి, ఫోటోలన్నీ ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసీయండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. కాబట్టి నన్నడిగితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే సిస్టమ్ వేసుకోండి, ఉచితం, చదువుకోడానికి, వీడియోలకి, టైపింగ్‌కి బాగా సరిపోతాది.

కొనేటప్పుడు డీడీఆర్3 రకం ర్యామ్ అని గట్టిగా చెప్పండి. అంతకుముందు రకం డీడీఆర్2కీ దీనికీ కింద బంగారు రంగు పళ్లు 240 చొప్పునే, పొడుగూ ఒకటే, చూడ్డానికి కవలల్లాగ ఉంటాయి గానీ కింద గాటు ఉండే చోటు వేరు, వోల్టేజీ వేరు, అది 1.8, ఇది 1.5. డీడీఆర్4కి 288 పళ్లు, 1.2 వోల్టులు. ఒకదాని చోట ఒకటి దూరదు, దూర్చకూడదు. లాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటాది, అదీ వద్దు. మీ ప్రాసెసర్ ర్యామ్‌ని 1333 స్పీడు దాకానే నడుపుతాది, 1600ది ఇచ్చినా తీసుకోవచ్చు, 1333లోనే నడుస్తాది. బాగా చవగ్గా వస్తంది అని ఏఎండీ బోర్డులకి మాత్రమే పనిచేసే రకం అంటగట్టేవాళ్లుంటారు, అది ఇంటెల్ బోర్డు మీద పని చెయ్యదు, అడిగి తీసుకోండి. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే తప్పేం లేదు, పని చెయ్యకపోతే మార్చి ఇస్తానని బిల్లు మీద రాయించుకోవాలి. నా లెక్కలో 4 జీబీవి రెండు ఒకే రకంవి తీసుకుంటే మంచిది, రెండూ జోడీగా నడిచి కాస్త వేగం కూడా వస్తాది. డబ్బు చాలకపోతే ఒక 4 కొని పాత 2 పక్కన పెట్టండి, 6 అవుతాది, అది కూడా ఇప్పటితో పోలిస్తే ఎంతో నయం. 16 జీబీ మాత్రం మీకు అక్కర్లేదు.

ఇక బిగించడం. ఇది మీరిద్దరూ మీ చేత్తోనే చెయ్యాలి, నాన్నని పక్కన కూచోమనండి. షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, వెనక తీగ పీకీసి, అప్పుడు పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతాది. క్యాబినెట్‌ని బల్ల మీద పడుకోబెట్టి పక్క రేకు ఇప్పండి. నైలాన్ దుప్పటి మీద పెట్టకండి. లోపల చెయ్యి పెట్టేముందు క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకోవాలి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు దానిలోకి పోతాది, మనకి తెలియనంత స్టాటిక్ చాలు ర్యామ్ చిప్పు పాడవడానికి. దుమ్ము పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ వద్దు.

స్లాటుకి రెండు చివర్లా తెల్లటి చెవులుంటాయి, రెండూ బయటికి వంచితే పాత ర్యామ్ దానంతటదే లేస్తాది, అంచులు పట్టుకుని తియ్యండి, బంగారు రంగు పళ్లని వేలితో ముట్టుకోవద్దు. మీ సోంపేటకి బారువ సముద్రం దగ్గరే కదా, ఆ ఉప్పు గాలికి పళ్ల మీద మసక పొర పడతాది, దానికి పెన్సిల్ రబ్బరు మెత్తటిది తీసుకుని నెమ్మదిగా ఒకే వైపు రుద్ది ఆ పొడి ఊదకుండా బ్రష్‌తో దులిపీయండి, ఊదితే ఉమ్ము తడి పడతాది. చాలా సార్లు ర్యామ్ పోయిందనుకున్నది ఈ పొర వల్లే. కొత్తది పెట్టేటప్పుడు గాటు మధ్యలో ఉండదు, కాస్త పక్కకి ఉంటాది, స్లాటులో ఉన్న బొడిపెకి ఎదురుగా సరిగ్గా ఉందో లేదో చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా ఒకేసారి నిటారుగా నొక్కండి. కాస్త బలమే పడతాది, భయపడొద్దు, చెవులు రెండూ వాటంతటవే మూసుకుని టక్కుమంటాయి. ఒక చెవే మూసుకుంటే సగమే దిగినట్టు. గాటు కలవకుండా మాత్రం ఎంత బలమూ పెట్టొద్దు.

ఆన్ చేస్తే బొమ్మ రాకుండా బీప్ బీప్‌మంటే కంగారు పడకండి, ఆపి తీగ పీకి, తీసి మళ్లీ పెట్టండి, అప్పటికీ కాకపోతే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి, ఏది పని చెయ్యట్లేదో దొరికిపోతాది. బొమ్మ వచ్చాక స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని కొట్టి టెస్ట్ పెట్టి వదిలీయండి. తప్పులేమైనా చూపిస్తే ఆ ర్యామ్ వాడకుండా వెంటనే కొట్టుకి తీసుకెళ్లండి, ఎందుకంటే తప్పు ర్యామ్ మీ ఫైళ్లని కూడా చెప్పకుండా పాడు చేస్తాది.

ముందు టాస్క్ మేనేజర్ ఫోటో ఒకటి, లోపలున్న ర్యామ్ మీద స్టిక్కర్ ఫోటో ఒకటి, అక్షరాలు కనిపించేటట్టు తీసి వాట్సాప్‌లో పెట్టండి. అవి చూసి ఏది కొనాలో రాసిస్తాను, మీకక్కడ దొరక్కపోతే ఇక్కడ గంటస్తంభం దగ్గర కొట్లలో అడిగి చూస్తాను.

మీ పెదనాన్న,
విజయనగరం