రిమోట్ స్టార్ట్‌కి రిలే ఎక్కడ కావాలి, ఎక్కడ దండగ?

బెంగళూరులో కారు విడిభాగాల బజారు జేసీ రోడ్డు. అక్కడ రిమోట్ స్టార్ట్ కిట్ (దూరం నుంచే కారు స్టార్ట్ చేసేది) కొన్నవాళ్లు చేతిలో నాలుగు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) కూడా పట్టుకునే బయటికొస్తారు. కొన్నిటికి పని ఉంటుంది, అన్నిటికీ కాదు.

అపోహ: సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, రిలే లేకపోతే వైరు కాలిపోతుంది.

ఆ కరెంటు కీ స్విచ్ దాకా రానే రాదు. బ్యాటరీ నుంచి లావు కేబుల్లో సోలినాయిడ్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) మీదుగా నేరుగా మోటారుకి పోతుంది. కీ దగ్గరి స్టార్ట్ వైరు నడిపేది సోలినాయిడ్ కాయిల్‌నో, కారులోని స్టార్టర్ రిలేనో మాత్రమే. కిట్‌లోంచి లావు వైర్లు వస్తున్నాయంటే 30 ఆంపియర్ల రిలేలు మాడ్యూల్ (కిట్‌లోని కంట్రోల్ పెట్టె) లోపలే ఉన్నట్టు. దానికి ఇంకోటి అక్కర్లేదు.

అపోహ: ఇగ్నిషన్ (ఇంజిన్‌కి), యాక్సెసరీ (బ్లోయర్ లాంటివాటికి) వైర్లు కలిపేస్తే ఒక్క అవుట్‌పుట్ చాలు.

ఎక్కువ కార్లు చెడేది ఇక్కడే. మల్టీమీటరు పెట్టి చూడండి. ఇగ్నిషన్ వైరులో కీ ఆన్‌లోనూ, సెల్ఫ్ కొట్టేటప్పుడూ 12 వోల్టులు ఉంటాయి. యాక్సెసరీ వైరు సెల్ఫ్ కొట్టగానే సున్నా అవుతుంది. రెండూ కలిపితే బ్లోయర్ కూడా బ్యాటరీని పీలుస్తుంది. పైగా ఇంజిన్ ఆపుదామని కీని ఒక మెట్టు వెనక్కి తిప్పితే ఆగదు, యాక్సెసరీ నుంచి కరెంటు ఇగ్నిషన్‌లోకి పారుతూనే ఉంటుంది.

రెండో ఇగ్నిషన్ వైరు ఉన్న కారుకి మాడ్యూల్‌లో లావు అవుట్‌పుట్ మిగలకపోతే రిలే తప్పదు. రిలే పిన్నుల మీది నంబర్లు చూసి కలపండి: 87కి ఫ్యూజు దాటిన బ్యాటరీ ప్లస్, 30కి కారు వైరు, 86కి అదే ప్లస్, 85కి మాడ్యూల్ నెగటివ్ అవుట్‌పుట్ (పనిచేసేటప్పుడు ఎర్త్‌కి కలిపే వైరు). 86, 85 రిలే కాయిల్ కొసలు. బ్యాటరీని 30కి ఇస్తే ఐదు పిన్నుల రిలేలో ఐదోదైన 87ఎ, రిలే ఆఫ్‌లో ఉన్నంతసేపూ కరెంటుతోనే ఉంటుంది, బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి.

అపోహ: ఒక్క నెగటివ్ అవుట్‌పుట్‌తో ఎన్ని రిలేలైనా లాగించొచ్చు.

మామూలు 12 వోల్టుల రిలే కాయిల్ సుమారు 85 ఓములు. ఇంజిన్ నడుస్తూ 14 వోల్టులున్నప్పుడు 165 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అవుట్‌పుట్ 200 మిల్లీ ఆంపియర్లదైతే ఒక్క రిలేకే సరి, రెండోది తగిలిస్తే లోపలి ట్రాన్సిస్టర్ పోతుంది. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి, గీత వైపు 86కి. తిరగేసి పెడితే మొదటి నొక్కుకే అవుట్‌పుట్ షార్ట్.

సెంట్రల్ లాక్‌కి? చాలా కార్లలో అది నెగటివ్ పల్స్‌తోనే పనిచేస్తుంది, మాడ్యూల్ వైరు నేరుగా కలపొచ్చు. డిక్కీ సోలినాయిడ్‌కి మాత్రం రిలే కావాలి.

ఇమ్మొబిలైజర్‌ని (అసలు కీ లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఏ రిలే దాటించదు. అది కీలోని చిప్ కోడ్ అడుగుతుంది, దానికి ఆ కోడ్ అందించే బైపాస్ మాడ్యూలే కావాలి.

చివరిది ప్రమాదకరమైనది: మాన్యువల్ కారులో క్లచ్ స్విచ్‌ని (క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడనిచ్చేది) రిలేతో మూసేస్తే పనైపోతుందని. గేరులో వదిలిన కారుకి బేస్‌మెంట్ పార్కింగ్‌లో సెల్ఫ్ తగిలితే ఎదుటి గోడలోకే దూకుతుంది. రిజర్వేషన్ మోడ్‌లో మీరు ఇంజిన్ నడుస్తుండగానే దిగుతారు, అంటే కారు న్యూట్రల్‌లో ఉన్నట్టే; డోరు మూశాక మాడ్యూల్ ఇంజిన్‌ని ఆపుతుంది, మళ్లీ ఏ డోరు తెరిచినా స్టార్ట్‌ని రద్దు చేస్తుంది. ఆ మోడ్ లేని కిట్‌ని మాన్యువల్‌కి కట్టకండి.