అక్కకు మిగిలిన మాత్ర

చిన్నోడా,

"అక్కకు జ్వరమొచ్చినప్పటి యాంటీబయాటిక్ మాత్రలు డబ్బాలోనే ఉన్నయి కదా తాతా, నా జలుబుకు అవే వేసుకుంటే ఏమైతది?" అని ఫోన్లో అడిగావు. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నా. అక్కకూ చదివి వినిపించు.

జలుబు తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. ఆ మాత్రతో నీ జలుబు ఒక్క పూట కూడా ముందు తగ్గదు. అలాగని వేసుకున్న మాత్ర ఊరికే ఉండదు.

మన దేవరకొండ పత్తి చేను చూశావు కదా. చిన్నప్పుడు మా నాయిన పురుగుమందు పంపు కొడుతుంటే బావి నుంచి నీళ్లు మోయడం నా పని. మందు వాసనకు తల తిరిగేది. అయినా సాళ్లలో రాలిన పురుగులను చూస్తే ఎంత సంబరమో! రానురాను అదే మందు ఎంత కొట్టినా పురుగు చావలేదు. వేల పురుగుల్లో ఒకటో రెండో పుట్టుకతోనే మందును తట్టుకుంటాయి. మిగతావి చచ్చాక చేనంతా వాటిదే, వాటి పిల్లలూ మొండివే. 2002లో, పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండే బీటీ పత్తి వచ్చాక ఇక పీడ పోయిందనుకున్నాం. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది.

పైగా మందు కొడితే, ఆకుల రసం పీల్చే పేనుబంకను తినిపెట్టే అక్షింతల పురుగులూ చస్తాయి. నీ పేగుల్లోనూ అలా మేలు చేసే బ్యాక్టీరియా కోట్లకు కోట్లు ఉంది. జలుబుకు మాత్ర వేస్తే దెబ్బ దానికే. కొందరికి ఆ మాత్రలతో విరేచనాలయ్యేది అందుకే. అక్కడా మొండివే మిగులుతాయి. అదను కుదిరితే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెండింతలవుతాయి. పత్తి పురుగుకు రాని విద్య ఇంకొకటి వీటికి వచ్చు. మందును తట్టుకునే జన్యువును పక్కనున్న బ్యాక్టీరియాకు, అది వేరే జాతిదైనా సరే, అందిస్తాయి. కంటికి కనబడని ప్రాణికి అంత నేర్పు ఎట్లా వచ్చిందో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1928లో పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ అందుకున్నప్పుడే చెప్పాడు, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మొండికేస్తాయని. కోళ్లు, పశువుల పెంపకంలో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని మన దేశం 2019లో నిషేధించింది. ఏ మందూ పనిచేయనప్పుడు మనుషులకు చివరి ఆసరా అది.

మా నాయినమ్మ కాలంలో బాలింత జ్వరంతో తల్లులు పోయేవారు. ఇవాళ ఆపరేషన్లు ధైర్యంగా చేస్తున్నారంటే ఈ మందుల బలమే. అది ఊరందరి సొత్తు, ఒక్కరు పాడు చేస్తే అందరికీ నష్టం. డాక్టర్ చూసి రాస్తే భయపడకుండా వేసుకో, చెప్పినన్ని రోజులూ వేసుకో. అక్కా, నీకు మిగిలాయంటే నడుమ ఆపినట్టున్నావు. ఈసారి డాక్టర్‌ను అడగకుండా ఆపకు బిడ్డా.

ఇప్పుడో పని చెప్తా. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మందుల డబ్బా తీయండి. కొన్ని పట్టీల మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. అవన్నీ యాంటీబయాటిక్స్ కావు గానీ, డాక్టర్ చీటీ లేకుండా వేసుకోకూడనివి. అట్లాంటివి ఎన్ని ఉన్నాయో, అందులో చీటీ లేకుండా కొన్నవి ఎన్నో అమ్మనడిగి నాకు రాయండి.

మీ తాత